నా నడుము కథ – 4: వంగొద్దన్నది ఎవరికి?

ఎల్4-ఎల్5 మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కింది. "నడుముకు కత్తి పెడితే మంచాన పడతావ్" అని అందరూ భయపెడితే ఆరేళ్లు మాత్రలతోనే నెట్టుకొచ్చాను. ఎడమ పాదం పైకి లేవడం మానేశాక ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. కాలు గుంజుడు పోయింది.

"మూడు నెలలు వంగొద్దు, బరువులెత్తొద్దు" అన్నారు డాక్టర్. నాకు జీతంతో సెలవుంది, వంగలేదు. నాట్లేసే మా చిన్నమ్మదీ ఇదే నొప్పి. వంగకపోతే ఆమెకు కూలి లేదు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది. సంతోషం. కానీ తరతరాలుగా వంగే పని మాకు పంచిన కులం, నడుము వాల్చే హక్కు మాత్రం పంచలేదు. కోలుకునే రోజులకూ ప్రభుత్వం కూలి కట్టియ్యాలి. అదీ వైద్యమే.

జై భీమ్.