వేషధారి క్షేమము

నాటకమునకు ముఖపు తొడుగులు, బొమ్మలు సిద్ధము చేయునపుడు అవి చూపరులకు ఎట్లు కనబడునో ముందుగా ఆలోచించుట పరిపాటి. కాని చూపరులకు ఆ తొడుగు దూరమున నుండును. ధరించిన బాలుని చర్మమునకు, ఊపిరికి అది అంటియుండును. కావున దేనితో చేయవలెనను నిర్ణయమున మొదటి హక్కు ఆ బాలునిదే.

ఈ విషయమున రెండు భ్రమలు కలవు. అంగడిలో దొరకినదెల్ల నిరపాయకరమనుట మొదటిది. థర్మోకోలును కాలిన తీగతో కోయునపుడు వెలువడు పొగ హానికరము. అలంకరణకు దాని వాడుకను 2022 జులై 1 నుండి దేశమంతట నిషేధించిరి. ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2017 నవంబరు 1 నుండి అమలులో నున్నది. అంతకు ముందటి డబ్బాలలో మిగిలిన ఎనామిలు రంగునకు ఆ భరోసా లేదు.

ప్రాచీనమైనదెల్ల మేలైనదనుట రెండవ భ్రమ. వీధినాటకముల వారు ముఖమునకు పూసికొనిన అర్దళమున ఆర్సెనిక్ కలదు. ఇంగిలీకమున పాదరసము, సిందూరమున సీసము కలవు. పురుగు పట్టకుండ జిగురులో కలుపు మైలుతుత్తము సైతము విషమే.

పెద్దల నుండి నేర్వవలసినది వారి వస్తువులను కాదు, వారి వివేచనను. ధర్మవరము సమీపమున నున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలు నేటికిని తయారగుచున్నవి. అచటి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించినది. మేకతోలును వెలుగు ప్రసరించునంత పలుచగా గీకి, అవయవములను వేరువేరుగా కోసి దారముతో కూర్చెదరు. అరిగిన అవయవమును మాత్రమే మార్చుకొనవచ్చును. పూర్వము దేవతా పాత్రలకు జింకతోలు వాడెడివారు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత దానికి తావు లేదు. తోలు మారినను కళ నిలిచినది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఉపాధ్యాయులకు కావలసిన సామగ్రి చేరువలోనే కలదు. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టి నీటిలో ఉడికించిన గట్టి జిగురగును. బంకమట్టి అచ్చుపై తడి కాగితము పరచి, దానిపై నూలుగుడ్డను, కాగితమును జిగురుతో పొరలు పొరలుగా అతికి, నీడను పూర్తిగా ఆరనిచ్చి అచ్చు నుండి తీయవలెను. ముఖమునకు తగులు లోపలి పొర అచ్చుసిరా లేని ఉతికిన గుడ్డ కావలెను. కన్నులకు, ముక్కునకు, నోటికి విశాలమైన రంధ్రము లుంచి, పిల్లలకు తగినవని డబ్బాపై తెలిపిన నీటిరంగులను వెలుపలి వైపున మాత్రమే పూయవలెను. పొడిచోట వేపాకుతో భద్రపరచి, తడి తగులకుండ చూచిన అట్టి తొడుగు మరుసటి ఏటి పిల్లలకును పనికివచ్చును.

విద్యార్థులకిది సామాన్యశాస్త్ర పాఠమే. ఇది దేనితో చేయబడినది, చెమట తగిలిన ఏమగును అను ప్రశ్నలు వారే అడుగవలెను. పిల్లలకు తొడుగుటకు ముందు ఉపాధ్యాయుడు దానిని తానే పావుగంట ధరించి చూచినచో, అంతకు మించిన పరీక్ష వేరొకటి లేదు.