వైఫై కాలింగ్ ఆన్ చేయండి, కానీ దాన్నే నమ్ముకోకండి

మైపాడు దగ్గర మా ఇంటి హాల్లో సిగ్నల్ ఒక గీత ఉంటుంది, వంటింట్లో అదీ ఉండదు. తుఫాన్లకి భయపడి మందం గోడలతో కట్టుకున్న శ్లాబు ఇల్లు మరి, గాలితో పాటు టవర్ సిగ్నల్‌నీ ఆపేస్తుంది. ఫోన్ మోగితే అమ్మ వాకిట్లోకి పరిగెత్తాల్సిందే. అందుకే ఇంటికి ఫైబర్ పెట్టించుకున్న రోజే వైఫై కాలింగ్ ఆన్ చేశాను.

మన దగ్గర ఇది కొత్తదేం కాదు. 2019 డిసెంబర్‌లో ఎయిర్‌టెల్ ఢిల్లీలో మొదలుపెట్టింది, 2020 జనవరిలో జియో దేశమంతా ఇచ్చింది. చాలామంది వాట్సాప్ కాల్ లాంటిదే అనుకుంటారు, కాదు. ఇక్కడ మీ నంబర్, మీ డయలర్ అవే. ఫోన్ మీ ఇంటర్నెట్ మీదుగా ఆపరేటర్ గేట్‌వే దాకా ఒక ఎన్‌క్రిప్టెడ్ దారి వేసుకుంటుంది, అక్కడి నుంచి మామూలు కాలే. అవతలివాళ్లది కీప్యాడ్ ఫోనైనా పర్లేదు. అదనపు ఛార్జీ లేదు, డేటా నిమిషానికి ఒక ఎంబీ అటూఇటూ. వాయిస్ కూడా బాగుంటుంది. ఇంతవరకు నాకు ఏ కంప్లయింటూ లేదు.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయింది. మామ పెళ్లికని నెల్లూరు వెళ్తూ రొయ్యల గుంటలు చూసుకోమని నాకు చెప్పాడు. గుంటల దగ్గర జనరేటర్ స్టార్ట్ కాలేదు. ఏరియేటర్లు ఆగిపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారుజామున మరీ ఎక్కువ. కొన్ని గంటల్లో పంట మొత్తం తేలిపోతుంది. కాపలా అతను నాకు చేస్తూనే ఉన్నాడు, నా ఫోన్ మోగలేదు.

కారణం ఏంటంటే, మా రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి ఆగలేదు. కానీ మాకు నెట్ ఇచ్చేవాళ్ల దగ్గర పరికరాలకి కరెంటు లేదు. వైఫై గుర్తు కనిపిస్తోంది, వెనకాల ఇంటర్నెట్ లేదు. ఫోనేమో ఇంకా వైఫైనే పట్టుకుని వేలాడుతోంది. చివరికి అతను బండి మీద వచ్చి తలుపు కొట్టాడు. రెండు గుంటలు దక్కాయి, ఒకటి పోయింది. పొద్దున మామ "ఏం అబ్బయా, నీ ఫోన్ అంత ఖరీదు పెట్టి కొన్నావే" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

మర్నాడు టెస్ట్ చేశాను. రౌటర్ ఆన్‌లోనే ఉంచి ఫైబర్ వైరు మాత్రం పీకి, వేరే ఫోన్ నుంచి కాల్ చేశాను. ఇంట్లో రెండు ఫోన్లలో ఒకటి కాసేపటికి టవర్ మీదకి మారింది. రెండోది నిమిషాల తరబడి నాట్ రీచబులే. మీ ఫోన్‌తో మీరూ ఒకసారి చేసి చూడండి, రివ్యూల్లో ఇది ఎవరూ చెప్పరు.

ఇంకో విషయం. సిగ్నల్ లేదని కస్టమర్ కేర్‌కి చేస్తే ఇప్పుడు రెడీగా ఒక జవాబుంది: "సార్, వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి." అంటే రీఛార్జ్ వాళ్లకి, బ్రాడ్‌బ్యాండ్ బిల్లు నాది, రౌటర్ నాది, కరెంటు నాది. టవర్ వేయాల్సిన పని నా ఇంటి మీదకి తోసేశారన్నమాట. టవర్‌కి బ్యాటరీలుంటాయి, చాలాచోట్ల డీజిల్ జనరేటరూ ఉంటుంది. కరెంటు స్తంభాల మీదుగా వేలాడే మా ఫైబర్‌కి అంత భరోసా ఎక్కడిది? 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ లాంటి తుఫాను వచ్చిందంటే ముందు తెగేది ఆ తీగలే.

అలాగని ఆఫ్ చేసేయమనను, అమ్మకి వంటింట్లో అదే దిక్కు. మీ ఫోన్‌లో కాలింగ్ ప్రిఫరెన్స్ అనే ఆప్షన్ ఉంటే "మొబైల్ నెట్‌వర్క్" పెట్టండి, సిగ్నల్ అసలు దొరకనప్పుడే వైఫైకి వెళ్తుంది. రౌటర్‌కి మినీ యూపీఎస్ కొంటే మంచిదే, కానీ అవతలి వైపు కరెంటు లేకపోతే అదీ ఏం చేయలేదు.

నేనైతే రాత్రిళ్లు వైఫై ఆపేసి, ఫోన్ వాకిలి వైపు కిటికీ గట్టు మీద పెట్టి పడుకుంటున్నా. అక్కడ రెండు గీతలొస్తాయి.