అపాస్ట్రఫీ దోషం మాతృభాషదేనా?

తెలుగు విద్యార్థి ఆంగ్లంలో బహువచనాన్ని, షష్ఠిని కలగాపులగం చేస్తే నింద మాతృభాషపై పడటం పరిపాటి. ‘మాతృభాషా ప్రభావం’ అన్న మాట అక్కడ వివరణగా కాక తీర్పుగా పనిచేస్తుంది. ఆ తీర్పుకు ఆధారం బలహీనం. బహువచనానికి అనవసరంగా అపాస్ట్రఫీ తగిలించే తప్పుకు ఇంగ్లండులో కూరగాయల వర్తకుల పేరే స్థిరపడింది. ఆ వర్తకులకు తెలుగు రాదు.

చిక్కు ఆంగ్ల లేఖనంలోనే ఉంది. ‘స్టూడెంట్స్’ అన్న ఒకే ఉచ్చారణ బహువచనానికి, ఏకవచన షష్ఠికి, బహువచన షష్ఠికి చెల్లుతుంది. మూడింటినీ వేరుచేసేది చెవికి అందని ఒక చిహ్నం. బహువచన షష్ఠిలో దాని స్థానం 18వ శతాబ్దం చివరి వరకు ఆంగ్లేయులకే కుదురుకోలేదు. తెలుగులో ఈ సందిగ్ధతకు తావు లేదు: విద్యార్థులు, విద్యార్థి పుస్తకం, విద్యార్థుల పుస్తకం వినగానే వేర్వేరుగా తేలిపోతాయి. పైగా తెలుగు ముందు వచనాన్ని, ఆపైన సంబంధాన్ని తెలుపుతుంది. ఆంగ్ల లేఖన సూత్రమూ అదే. మొదట బహువచన రూపం రాయాలి. అది ‘ఎస్’ అక్షరంతో ముగిస్తే అపాస్ట్రఫీ ఒక్కటే చాలు, ‘చిల్డ్రన్’ వలె మరో విధంగా ముగిస్తే అపాస్ట్రఫీ తర్వాత ‘ఎస్’ చేర్చాలి.

ఇంతటి సాధనం చేతిలో ఉండగా ‘యొక్క’ను ముందుకు తెచ్చే బోధన దాన్ని మరుగుపరుస్తోంది. ‘విద్యార్థుల యొక్క’ అన్నప్పుడు విద్యార్థి దృష్టి ‘ల’కారాన్ని వదిలి ‘యొక్క’పై నిలుస్తుంది, ఏ పదానికైనా అపాస్ట్రఫీతో ‘ఎస్’ అతికించడమే అనువాదమనుకుంటాడు. షష్ఠీ ప్రత్యయాల్లో ‘యొక్క’ను చిన్నయసూరి బాలవ్యాకరణం చేర్చిన మాట నిజమే. ఇ, టి, తి అనే ఔపవిభక్తికాలను చెప్పిందీ ఆ గ్రంథమే. ఊరి చెరువు, ఇంటి కప్పు, నేతి గిన్నె అనే వాడుకకు మూలం అవే. ‘ఇంటి యొక్క కప్పు’ అనేవారు తరగతి గది బయట కనిపించరు.

మాతృభాష ప్రభావం నిజంగా కనిపించే చోటు మరొకటి ఉంది. దరఖాస్తుల్లో ‘ఫాదర్ నేమ్’ అని రాయడం తెలుగువారికే పరిమితం కాకపోయినా, ‘తండ్రి పేరు’లో ‘తండ్రి’ రూపం మారకపోవడం దానికి దోహదం చేస్తుంది. ఇది చిహ్నాన్ని వదిలేసే తప్పు. వచనాన్ని, షష్ఠిని కలిపేసే తప్పు కాదు. ఇక్కడైనా ‘యొక్క’ పనికివస్తుందని దాని సమర్థకులు అనవచ్చు. ‘అమ్మ చీర’ను ఎదుట ఉంచి, తెలుగు చెప్పకుండానే తెలిపే సంబంధాన్ని ఆంగ్లం రాసి చూపుతుందని చెబితే విద్యార్థికి బోధపడుతుంది. అందుకోసం ఏ ఇంట్లోనూ పలకని ‘అమ్మ యొక్క చీర’ను సృష్టించనక్కరలేదు.