పాయింట్లను పారేయకండి

ఏపీ 15, ఏపీ 01 నెంబర్లతో కరీంనగర్, ఆదిలాబాద్ దారుల్లో ఇప్పటికీ కొన్ని పాత ఫియట్లు, అంబాసిడర్లు తిరుగుతున్నాయి. వాటిని ప్రాణంగా చూసుకునేవాళ్లు డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు తీయించి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాలనుకోవడం సహజమే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, పాయింట్లు 6,000 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఆ రాపిడికి ఫైబర్ మడమ అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది, బండి మిస్ కొడుతుంది. అయస్కాంతంతో పనిచేసే సెన్సర్‌కు ఈ అరుగుదల లేదు. కాబట్టి కొత్తది పెట్టించుకోవచ్చు. పాతదాన్ని తుక్కులో వేయడమే పొరపాటు.

ఎందుకంటే పాయింట్లు చాలావరకు చెప్పి చెడతాయి, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూల్ చెప్పకుండా చెడుతుంది. పాయింట్లు మాడితే గరుకు కాగితంతో రుద్ది, గ్యాప్ సరిచేసి ఊరు చేరొచ్చు. మాడ్యూల్ పోతే రోడ్డు మీద చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. దానికి పెద్ద శత్రువు వేడి. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్‌లలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. బానెట్ కింద వేడి అంతకు ఎంతో ఎక్కువ. ఉట్నూరు నుంచి జైనూరు, కెరమెరి ఘాట్ మీదుగా ఆసిఫాబాద్ వెళ్లే దారిలో బండి ఆగిపోతే, ఆ మాడ్యూల్ ఏ దుకాణంలో దొరుకుతుంది?

ఈ జాగ్రత్త పల్లెటూరి భయం కాదు. మన ప్రీమియర్ పద్మినికి మూలమైన 1100ను తయారుచేసిన ఫియట్ కంపెనీయే 1960లలో డినో అనే స్పోర్ట్స్ కారు తెచ్చింది. దాని డినోప్లెక్స్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మొరాయిస్తే మామూలు కాయిల్ పద్ధతికి మార్చుకునే ఏర్పాటు అందులోనే ఉంది. పిస్టన్ ఇంజిన్ల చిన్న విమానాలు చాలావాటిలో నేటికీ, ఒకటి పోయినా ఇంకొకటి పనిచేసేలా, స్పార్క్ ఇచ్చే మాగ్నెటోలు రెండు ఉంటాయి.

ఇప్పటి కార్లన్నీ ఎలక్ట్రానిక్‌వే కదా, అవి ఆగిపోతున్నాయా అని అడగొచ్చు. వాటి వైరింగ్, ఛార్జింగ్, ఇగ్నిషన్ అన్నీ ఒకదానికొకటి సరిపడేలా కంపెనీలోనే తయారయ్యాయి. మన పాత బండిలో కొత్త మాడ్యూల్ నలభై ఏళ్ల నాటి వైర్ల మీద, తుప్పు పట్టిన ఎర్త్ మీద ఆధారపడాలి. బ్యాటరీ వైర్లు ఒక్కసారి తారుమారైతే చాలు, అది కాలిపోవచ్చు. ఇంకో మాడ్యూల్ వెంట ఉంచుకుంటే చాలదా అంటే, మొదటిదాన్ని కాల్చిన లోపం వైరింగ్‌లోనే ఉంటే రెండోదీ దక్కదు. పాయింట్లు అలాంటి లోపాలను చాలావరకు తట్టుకుంటాయి. వాటి కండెన్సర్ కూడా చెప్పకుండా పోతుందన్న మాట నిజమే. కానీ అది చవక, జేబులో పట్టేంత చిన్నది. పాయింట్లు సెట్ చేయడం తెలిసిన మెకానిక్‌లు తగ్గిపోతున్నారన్న అభ్యంతరం మాత్రం బలమైనది. అందుకే ఆ పని యజమానే నేర్చుకోవాలి. ఫీలర్ గేజ్, స్క్రూడ్రైవర్ ఉంటే ఒక పూటలో వచ్చే విద్య అది.

అసలు చిక్కు కాయిల్ దగ్గర ఉంది. ఎలక్ట్రానిక్ కోసం తక్కువ రెసిస్టెన్స్ కాయిల్ వేస్తే, దాని మీద పాయింట్లు త్వరగా మాడిపోతాయి. అప్పుడు అవసరానికని డిక్కీలో దాచుకున్న పాత పాయింట్ల సెట్టు ఉండీ లాభం లేదు. దాదాపు 3 ఓమ్‌ల కాయిల్‌తో పనిచేసే మాడ్యూల్‌నే ఎంచుకోండి. పని పూర్తయ్యాక మెకానిక్ దగ్గర పాత పాయింట్లు, కండెన్సర్, ప్లేటు, స్క్రూలతో సహా అడిగి తీసుకోండి. వాటిని ఒకసారి ఇంటి దగ్గరే బిగించి, బండి స్టార్ట్ అవుతుందని చూసుకున్నాకే డిక్కీలో పెట్టండి.