పడవ మీద యాంటెన్నా ట్యూనర్ పెడుతున్నారా? ముందు గోదారి నీళ్ల సంగతి చూడండి

నా తీర్పు మొదటే చెప్పేస్తా. వరదల టైమ్‌లో గోదారిలో తిరిగే పడవ మీద హెచ్‌ఎఫ్ రేడియో ఉండాల్సిందే. దానికి యాంటెన్నా ట్యూనర్ కూడా కావాల్సిందే. కానీ సముద్రంలో తిరిగే బోట్ల కోసం రాసిన ఇన్‌స్టలేషన్ గైడ్‌ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ బిగిస్తే, ఆ డబ్బులు గోదాట్లో పోసినట్టే. ట్యూనర్ స్క్రీన్ మీద అంతా పచ్చగా కనిపిస్తుంది. అవతలివాళ్లకి మాత్రం మీ మాట వినపడదు.

ఫోన్ల సైట్‌లో ఈ రేడియో గొడవేంటి అనుకోకండి. ఫోన్ పనిచేయని చోట ఏం పనిచేస్తుందన్నది కూడా మనలాంటి గాడ్జెట్ పిచ్చోళ్లు పట్టించుకోవాల్సిన ప్రశ్నే.

చర్లకి ఇది ఎందుకు కావాలి

మాది చర్ల. ఒకపక్క గోదారి, ఇంకోపక్క ఛత్తీస్‌గఢ్ అడవి. పైన అడవుల్లో గట్టిగా వాన పడితే తాలిపేరు ప్రాజెక్టు గేట్లు ఎత్తుతారు, ఆ నీళ్లు వచ్చి గోదారిలో కలుస్తాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలై 16న అక్కడ నీటిమట్టం 71.3 అడుగులకి వెళ్లింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగులే ఇప్పటిదాకా రికార్డు.

ఆ స్థాయిలో నీళ్లొస్తే భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా మా ఊరొచ్చే రోడ్డు అక్కడక్కడా మాయమైపోతుంది. కరెంటు పోతుంది. మొబైల్ టవర్ కొంతసేపు బ్యాటరీ మీద, ఆ తర్వాత డీజిల్ జనరేటర్ మీద నడవాలి. డీజిల్ తెచ్చే రోడ్డే నీళ్లలో ఉంటే టవర్ కూడా ఆగిపోతుంది. ఫోన్‌లో ఏ ప్రాసెసర్ ఉందో, ఎన్ని 5జీ బ్యాండ్లున్నాయో ఆ పూట ఎవడికీ అక్కర్లేదు. 2022లో నేను హైదరాబాద్‌లో ఉండి ఇంటికి ఎన్నిసార్లు చేసినా "స్విచ్ ఆఫ్", "అందుబాటులో లేదు" తప్ప ఇంకో మాట వినలేదు. ఆ రోజుల్లో మా ఊరి సమాచారమంతా పడవల మీదే కదిలింది. పడవలో ఉన్నవాళ్లు మాత్రం రేవుకి తిరిగొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేని పరిస్థితి.

శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది కదా అంటారా? ఐఫోన్ 14తో 2022లో వచ్చిన ఆ ఫీచర్ లాంచ్ అయిన దేశాల్లో ఇండియా లేదు. మన దగ్గర శాటిలైట్ ఫోన్‌కి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి జేబులో వేసుకునే వస్తువు కాదది.

వాకీటాకీ చాలదు

చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ వాకీటాకీ సిగ్నల్ దాదాపు ఎదురుచూపు దూరం వరకే వెళ్తుంది. మధ్యలో గుట్ట, దట్టమైన అడవి, నది మలుపు వస్తే అంతే. ఎత్తైన చోట రిపీటర్ పెట్టొచ్చు, కానీ దానికీ కరెంటు కావాలి.

హెచ్‌ఎఫ్‌లో వేరే దారి ఉంది. 7 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని నిటారుగా పైకి పంపితే, అయనావరణం దాన్ని తిప్పి కిందకి పంపుతుంది. గొడుగు మీద పడ్డ వాన చుట్టూ జారినట్టు, ఆ సిగ్నల్ మూడు నాలుగు వందల కిలోమీటర్ల చుట్టుపక్కల దిగుతుంది. మధ్యలో గుట్టలున్నా పట్టింపు లేదు, ఎందుకంటే అది గుట్టల మీదుగా కాదు, ఆకాశం నుంచి వస్తోంది. చర్ల నుంచి భద్రాచలం, ఖమ్మం, హైదరాబాద్ అన్నీ ఈ గొడుగు కిందకే వస్తాయి. పగలు 7 మెగాహెర్ట్జ్, రాత్రి 3.5 మెగాహెర్ట్జ్ అనేది స్థూలంగా లెక్క.

ఇదేదో పుస్తకాల్లో మాట కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి చెందిన భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియో పని మీద అండమాన్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయాక అక్కడి కబురు ప్రధాన భూభాగానికి చేరవేయడంలో వాళ్ల హెచ్‌ఎఫ్ సెట్లు పనికొచ్చాయి. తెలుగు నేల మీది సంస్థ చేసిన పని ఇది. మనం చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదు.

ట్యూనర్ చేసేదేంటి, చేయనిదేంటి

7.1 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 42 మీటర్లు. సరిగ్గా పనిచేసే అర్ధతరంగ యాంటెన్నాకి దాదాపు 20 మీటర్ల తీగ కావాలి. వరదల్లో తిరిగే ఫైబర్ బోటు చూస్తే ఐదారు మీటర్లు. అందుకని అందరూ చేసేది ఒకటే: రెండున్నర మీటర్ల విప్ నిలబెట్టి, కింద ఆటో ట్యూనర్ పెట్టి, బటన్ నొక్కడం. ట్యూనర్ లోపల రిలేలు టకటకా కొట్టుకుంటాయి, ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 చూపిస్తుంది. అందరూ హ్యాపీ.

ఇప్పుడు చిన్న లెక్క. రెండున్నర మీటర్ల విప్‌కి 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియేషన్ రెసిస్టెన్స్ 1.4 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. ట్యూనర్ కాయిల్‌లో, ఎర్త్‌లో పోయే నష్టం కలిపి 20 ఓమ్‌లు అనుకుందాం. ఫైబర్ బోటు మీద ఇది పెద్ద అంకె కాదు. అంటే మీరు ఇచ్చిన 100 వాట్లలో గాల్లోకి వెళ్లేది ఆరేడు వాట్లు. మిగతాదంతా వేడి. అయినా ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం 1:1.

అంటుటు స్కోరు చూసి ఫోన్ కొన్నవాడికి ఈ బాధ అర్థమవుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ కూడా అలాంటి అంకే. రేడియోకి 50 ఓమ్‌లు కనిపిస్తున్నాయా లేదా అన్నదే అది చెప్తుంది. సిగ్నల్ బయటికి పోతోందా లేదా అన్నది చెప్పదు. రేడియో వెనక 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించినా 1:1 వస్తుంది, దాని నుంచి పక్క ఊరికి కూడా మాట వెళ్లదు.

ఇంకో చిక్కు. నిటారుగా నిలబడ్డ విప్ సిగ్నల్‌ని పక్కలకి పంపుతుంది, నెత్తి మీదకి దాదాపు ఏమీ పంపదు. మనకి కావాల్సింది నెత్తి మీదకి పోయే సిగ్నలే కదా!

గోదారి ఉప్పునీరు కాదు

సముద్రపు బోట్ల గైడ్లన్నీ ఒక మాట చెప్తాయి: ట్యూనర్ ఎర్త్ టెర్మినల్ నుంచి వెడల్పాటి రాగి పట్టీ తీసి, నీళ్లలో మునిగే లోహానికి కలపండి, సముద్రమే మీకు ఎర్త్ అని. సముద్రంలో అది నిజం. ఉప్పునీటి వాహకత మీటరుకి 5 సీమెన్ల దాకా ఉంటుంది. నదుల్లో మంచినీరు సాధారణంగా 0.01 నుంచి 0.05 మధ్య. అంటే వంద నుంచి ఐదొందల రెట్లు తక్కువ. గోదారిలో రాగి ప్లేటు ముంచి "ఎర్త్ అయిపోయింది" అనుకుంటే, పైన వేసుకున్న 20 ఓమ్‌ల నష్టం ఇంకా పెరుగుతుంది.

అల్యూమినియం బోటు అయితే ఆ బాడీయే కొంత పని చేసిపెడుతుంది. ఫైబర్ బోటులో అది కూడా లేదు.

నేనైతే ఇలా బిగిస్తా

ఆటో ట్యూనర్ యాంటెన్నా మొదట్లోనే ఉండాలి, రేడియో పక్కన కాదు. లేకపోతే మ్యాచ్ కాని కోయాక్స్ కేబుల్లోనే పవర్ పోతుంది. ట్యూనర్ తర్వాత వచ్చే ప్రతి అంగుళం తీగ యాంటెన్నాయే అని గుర్తుంచుకోండి.

పడవ కదిలేటప్పుడు: ముందు, వెనక రెండు వెదురు గెడలు కట్టి, వాటి మీదుగా తీగని పొడవునా అడ్డంగా లాగండి. ఎంత ఎక్కువ తీగ అడ్డంగా పడితే అంత మంచిది. ఐకామ్ ఏహెచ్-4 లాంటి ట్యూనర్ 3.5 మెగాహెర్ట్జ్ దాకా దిగాలంటే కనీసం 7 మీటర్ల తీగ కావాలి. రెండున్నర మీటర్ల విప్‌తో 7 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. రాత్రిపూట కూడా మాట్లాడాలంటే ఈ ఒక్క తేడా చాలు, విప్ పక్కన పెట్టడానికి.

ఎర్త్ కోసం: పడవ అంచుల లోపలివైపు నాలుగైదు తీగలు పొడవునా పరిచి ట్యూనర్ ఎర్త్ టెర్మినల్‌కి కలపండి. ఇన్సులేషన్ ఉన్న మామూలు తీగ చాలు.

పడవ ఆగినప్పుడు: 20 మీటర్ల డైపోల్‌ని చుట్టి సంచిలో ఉంచుకోండి. రేవు దగ్గర చెట్టుకో, పునరావాస కేంద్రం డాబా మీద వెదురు గెడకో మధ్యభాగం కట్టి, రెండు చివరలు కిందకి లాగితే ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది. లైసెన్స్ ఉన్న ఒక మిత్రుడితో కలిసి, అనుమతి తీసుకుని, ఒడ్డుకి కట్టేసిన ఫైబర్ బోటులో ఈ రెండూ పోల్చి చూశా. విప్‌తో హైదరాబాద్‌లో వింటున్న ఆయనకి మేము హోరులో మునిగి వినపడ్డాం, సగం మాటలు మళ్లీ చెప్పాల్సొచ్చింది. అదే రేడియో, అదే బ్యాటరీ, డైపోల్ కట్టగానే పేర్లు, అంకెలు తప్పు లేకుండా రాసుకున్నారు. మందుల జాబితా చదివి వినిపించాల్సి వస్తే ఆ తేడా విలువ ఎంతో ఆలోచించండి.

భద్రత: పైన చెప్పిన విప్‌కి 100 వాట్లు ఇస్తే దాని మొదట్లో దాదాపు 2000 వోల్టులు పుడతాయి. తడి బట్టలతో పిల్లలు, ముసలివాళ్లు ఎక్కే పడవ అది. తీగ మొదలు చేతికందని ఎత్తులో ఉండాలి, లేదా పైన పీవీసీ పైపు తొడగాలి. మాట్లాడే ముందు "తీగ దగ్గరికి రాకండి" అని సరంగు కేకేయాలి.

చిల్లర విషయాలు, కానీ ముంచేది ఇవే: 100 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి దళసరి వైరు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. కోయాక్స్ మీద ఫెర్రైట్లు. ఇంజన్ ఇగ్నిషన్ హోరు వస్తుంది కాబట్టి వినేటప్పుడు మోటారు ఆపాలి. కేబుల్ పెట్టెలోకి దూరే ముందు కిందకి ఒక వంపు తిప్పితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి.

ఏ ట్యూనర్ కొనాలి?

రేడియో లోపలే ట్యూనర్ ఉందని సంబరపడకండి. ఐకామ్ ఐసీ-7300 లోపలి ట్యూనర్ 3:1 ఎస్‌డబ్ల్యూఆర్ దాకే సర్దుతుంది. డైపోల్‌కి సరిపోతుంది, పొట్టి తీగకి చాలదు. యేసు ఎఫ్‌టీ-891లో ట్యూనరే లేదు, విడిగా కొనాలి. షియెగు జీ90 ఇచ్చేది 20 వాట్లే, కానీ లోపలి ట్యూనర్ రేంజ్ బాగా పెద్దది. నన్నడిగితే 20 వాట్లు మంచి డైపోల్‌లోకి పంపడం, 100 వాట్లు విప్‌లోకి పంపడం కంటే మేలు. బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

ఇది ఎవరు చేయాలి?

ఎవరు పడితే వాళ్లు కాదు. హామ్ రేడియో వాడాలంటే కేంద్ర టెలికమ్యూనికేషన్స్ శాఖ పెట్టే పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవాలి. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. పైగా మాది సరిహద్దు అడవి. పడవలో వైర్లు, బ్యాటరీ, రేడియో పెట్టుకుని తిరిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది, రావాలి కూడా. స్టేషన్‌లో ముందే చెప్పకుండా ఇక్కడ తీగ కట్టే ఆలోచనే చేయొద్దు.

అందుకే నా వాదన: ఈ పని జిల్లా యంత్రాంగం చేతుల మీదుగా జరగాలి. చర్ల, దుమ్ముగూడెం వైపు తిరిగే రెండు మూడు పడవలకి జూన్ రాకముందే తీగలు, గెడలు, బ్యాటరీ పెట్టెలు బిగించి ఉంచాలి. లైసెన్స్ ఉన్న కుర్రాళ్లు నలుగురు మండలంలోనే ఉండాలి, హైదరాబాద్ నుంచి రావాలంటే రోడ్డు ఉండాలి కదా. శాటిలైట్ ఫోన్ ఇస్తే సరిపోదా అంటే, ఒక అధికారి ఇంకో అధికారితో మాట్లాడటానికి అదే బెస్ట్, ఒప్పుకుంటా. కానీ హెచ్‌ఎఫ్‌లో ఒక పడవ మాట్లాడితే మిగతా పడవలు, రేవు, కంట్రోల్ రూమ్ అందరూ ఒకేసారి వింటారు. వరదలో కావాల్సింది అదే.

బిగించిన రోజు ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ ఫొటో తీసి పని అయిపోయిందనొద్దు. భద్రాచలంలో ఒకర్ని కూర్చోబెట్టి, పడవ నుంచి పది పేర్లు, పది అంకెలు చదవండి. ఆయన రాసుకున్న కాగితం చూడండి. పదికి పది ఉంటేనే ఆ ట్యూనర్ బిగించినట్టు లెక్క.