గొప్పవారి పేరు, సామాన్యుల వెల

చీర కొనునపుడు నూలును, అంచును, రంగును చూచుట మన పూర్వాచారము. ఇప్పుడు నాలుగవది యొకటి వచ్చి చేరినది, అది పేరు. వస్త్రమునకు రూపము కల్పించిన వారెవరో తెలిపెడి చిన్న గుడ్డముక్క మెడవెనుక కుట్టబడి యుండును. ఆ ముక్కను బట్టియే వెల అనేక రెట్లు పెరుగుటయు గలదు. అట్టి గొప్ప పేరును తెచ్చి సామాన్యులకు తక్కువ వెలకు అమ్ముట యను వ్యాపారమును గుఱించి యీ నెల ముచ్చటింతము.

స్వీడను దేశమున వెస్టెరోస్ పట్టణమునందు 1947లో ఎర్లింగ్ పెర్సన్ అను వర్తకుడు స్త్రీల దుస్తుల యంగడి నొకదానిని తెఱచి, దానికి ‘హెన్నెస్’ అని పేరిడెను. వారి భాషలో ఆ మాటకు ‘ఆమెది’ అని యర్థము. 1968లో మఱియొక యంగడిని కలుపుకొని అది హెన్నెస్ అండ్ మౌరిట్జ్ అయ్యెను. హెచ్ అండ్ ఎమ్ అని లోకము పిలుచునది యిదియే. క్రొత్తతీరు దుస్తులను చౌకగా అమ్ముట దాని వృత్తి. ఈ సంస్థ 2004 నవంబరులో, పారిస్ నగరపు షనెల్ సంస్థకు దుస్తులు కల్పించుచుండిన కార్ల్ లాగర్‌ఫెల్డుచేత కొన్ని రూపములు గీయించి తన యంగళ్లలో అమ్మెను. సంపన్నురాండ్రకు మాత్రమే అందుచుండిన పేరు వీథి యంగడికి దిగివచ్చెనని జనులు బారులు తీరిరి. అనేక పట్టణములలో కొన్ని గంటలకే సరకు చెల్లిపోయెను. మఱుసటి సంవత్సరము స్టెల్లా మెకార్ట్‌నీ వంతు వచ్చెను. తరువాత మఱికొందఱు ప్రసిద్ధులు అదే త్రోవ పట్టిరి.

ఇట్టి పని పూర్వము అపకీర్తి తెచ్చుచుండెను. 1983లో అమెరికాలో హాల్‌స్టన్ అను డిజైనరు జె.సి. పెన్నీ యను సామాన్యుల యంగళ్లకు దుస్తులు కల్పింప నొప్పుకొనగా, న్యూయార్కులోని బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్ అను ధనికుల యంగడి ఆయన సరకును వలదని త్రోసివేసెను. ఇరువదియేండ్లలో లోకరీతి తలక్రిందులైనది. కారణము లేకపోలేదు. అంగడివానికి గొప్ప పేరుతోడి ప్రకటనయు, జనసమ్మర్దమును లభించును. డిజైనరుకు ప్రతిఫలమును, క్రొత్త తరమువారి పరిచయమును లభించును. గీయుట ఆయన వంతు. కుట్టించుట, అమ్ముట సంస్థ వంతు. సరకు మితముగా నుండుటచే తొందర పుట్టును. కొన్నవారిలో కొందఱు దానినే హెచ్చువెలకు తిరిగి అమ్ముకొందురు.

మన దేశమున నిట్టిది 2021 ఆగస్టులో జరిగినది. కలకత్తాకు చెందిన సవ్యసాచి ముఖర్జీ పెండ్లి దుస్తులకు పేరు మోసిన డిజైనరు. ఆయన హెచ్ అండ్ ఎమ్ సంస్థతో కలిసి సిద్ధపఱచిన దుస్తులలో చీరయు నొకటి. దాని వెల రూ. 9,999. ఆన్‌లైన్ అంగడి తెఱచిన కొలది నిమిషములలోనే సరకు ముగిసెను. దొరకనివారు చింతిల్లిరి. కాని చేతిపనులవారికొఱకు పాటుపడు సంఘములు కొన్ని కలిసి యొక బహిరంగలేఖ వ్రాసినవి. ఈ దుస్తుల ప్రకటనలయందు భారతీయ శిల్పముల పేరు వాడబడినది గాని, వానిని చేసినది భారతీయ శిల్పుల చేయి కాదని వారి యాక్షేపము. చిత్రములు చేతి అచ్చులను తలపించును, అద్దినది యంత్రము. భారతీయ రూపకల్పనను ప్రపంచ విపణిలో నిలుపుటయే తన యుద్దేశమని ముఖర్జీగారు సమాధానము చెప్పిరి.

ఈ వాదము తెలుగువారికి క్రొత్తది గాదు. మన మచిలీపట్టణపు అద్దకపు గుడ్డలకొఱకు పూర్వము పాశ్చాత్యులు ఓడలపై వచ్చిరి; 1611లోనే ఆంగ్లేయుల వర్తకస్థానము అచట వెలసెను. మన దేశపు చీటిగుడ్డలపై మోజు హద్దుమీఱగా ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1721లోను వానిని నిషేధించినవి. ఆ తరువాత వారే రూపములను అనుకరించి యంత్రములతో అద్దసాగిరి. రూపము నిలిచినది; అద్దువాని కూలి పోయినది. నేడును పెడనలో చేతి అచ్చులతో అద్దువారు గలరు. కరక్కాయ కషాయమున గుడ్డను ముంచుట, పటికతో ఎఱుపును, ఇనుమును బెల్లమును ఊరవేసిన నీటితో నలుపును రాబట్టుట, పాఱు నీట ఉదుకుట, ఆరవేయుట, ఇన్ని దినముల పని యొక చీరయందు గలదు. అదే చిత్రమును యంత్రముపై అద్ది కలంకారీ యని అమ్మువారు వీరి పొట్టపై కొట్టుచున్నారు.

అట్లని పడుచుపిల్ల యెవతెయైన గొప్పవారు గీసిన చీర కోరినచో దానిని మనము తప్పు పట్టరాదు. అందమైన వస్తువు ధనికులకే చెల్లవలెనను నియమ మెక్కడను లేదు. చక్కని రూపము నలుగురికి అందుట మంచిదే. యంత్రపు గుడ్డను యంత్రపు గుడ్డ యని అమ్మినను దోషము లేదు. చేతిపని కీర్తిని వాడుకొని, చేతిపనివానికి పని యీయకుండుటయే యన్యాయము. పది సహస్రముల రూపాయలు సామాన్య గృహమునకు చిన్న మొత్తము గాదు. ఆ సొమ్ములో గీసినవాని పేరున కెంత, నేసినవాని శ్రమకెంత యని యడుగు హక్కు కొనునట్టి మనకు గలదు.

కావున ఇకమీద కొనునపుడు మూడు ప్రశ్న లడుగుడు. నేసిన దెవరు? అద్దిన దెట్లు? ప్రకటనలో చెప్పిన దానికి గుర్తేది? చేతి అచ్చులో అచ్చునకు అచ్చునకు నడుమ సన్నని యతుకు కానవచ్చును. యంత్రపు పనిలో ఆసాంతము ఒక్కతీరుగ నుండి, వెనుకవైపు చాలవఱకు వెలవెలబోవును. చేనేత గుడ్డకు ప్రభుత్వమువారు 2006లో హ్యాండ్‌లూమ్ మార్కు అను ముద్రను ఏర్పఱచిరి. ఆ ముద్రను చూపుమని యడుగుటకు మొగమాట మక్కఱలేదు. జవాబు తెలిసి కొన్నచో పేరుగల చీరయైనను, పేరులేని చీరయైనను మనకు నష్టము లేదు. ఇంటి సొమ్ము మన చేతిమీదుగా పోవునపుడు అది యెవరి యింటికి చేరుచున్నదో తెలిసికొనుటయు గృహిణి లెక్కలలో నొక పద్దే.