ఆడినవాడు ఆడించాలి



వార్షికోత్సవ సభల్లో పుల్లెల గోపీచంద్ గారి పేరు ఎత్తని వక్త అరుదు. "ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచారు, మీరూ అలా గెలవాలి" అని చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు. మా ఉద్దేశంలో మన హాస్టల్ పిల్లలకు పనికొచ్చే కథ ఆ గెలుపు తర్వాతే మొదలవుతుంది.

గెలుపు సంగతి ముందే చెప్పేస్తాం. ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన ఆయనకు ఆడే వయసులోనే మోకాలు దెబ్బతిని ఆపరేషన్లు జరిగాయి. అయినా 2001 మార్చిలో సెమీఫైనల్లో డెన్మార్క్ మేటి ఆటగాడు పీటర్ గేడ్‌నీ, ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌నీ ఓడించారు. 1980లో ప్రకాశ్ పడుకోన్ గెలిచాక ఆ టైటిల్ మళ్ళీ మన దేశానికి వచ్చింది అప్పుడే. తర్వాత కూల్‌డ్రింక్ ప్రకటనలో నటించమని అడిగితే, తాను తాగనిది ఇతరులను తాగమని చెప్పనన్నారు.

అక్కడితో ఆగినా ఆయన పేరు నిలిచేది. సన్మానాలకు తిరుగుతూ కాలం గడిపేయొచ్చు. ఆయన మాత్రం ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో అకాడమీ కట్టడానికి సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. 2008లో గచ్చిబౌలిలో ఆ అకాడమీ నిలబడింది. తెల్లవారుజామున నాలుగింటికే కోర్టులో ఉండడం ఆయన అలవాటు. 2012లో సైనా నెహ్వాల్ ఒలింపిక్ కాంస్యం, 2016లో పి.వి.సింధు రజతం తెచ్చింది ఆ కోర్టుల నుంచే. రియోకు ముందు మూడు నెలలు సింధు సెల్‌ఫోన్ ఆయన దగ్గరే పెట్టుకున్నారు. (మన వార్డెన్లు సంతోషించాల్సిన విషయమే!) 2014లో సైనా ఆయన్ని వదిలి బెంగళూరు వెళ్ళి, 2017లో తిరిగి వస్తే మళ్ళీ నేర్పించారు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ కూడా ఆ అకాడమీలో తయారైనవాడే. 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు.

గెలిచిన ప్రతివాడూ గురువు కాగలడా? డెన్మార్క్ సైకిల్ వీరుడు బ్యార్నె రీస్ 1996లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. తర్వాత జట్టు మేనేజరయ్యాడు. 2008లో ఆయన జట్టు ఆటగాడు కార్లోస్ సాస్త్రే అదే పోటీ గెలిచాడు కూడా. నడిపించడం ఆయనకు తెలుసు, కాదనం. కానీ తన గెలుపు వెనుక నిషేధించిన మందు ఉందని 2007లో ఆయనే ఒప్పుకున్నాడు. చిట్టీలు పెట్టి పాసైన అన్న తమ్ముళ్ళకు ఏ ముఖంతో లెక్కలు చెబుతాడు?

ఇక మమ్మల్ని బాగా ఆలోచింపజేసిన మాట ఒకటుంది. డబ్బో, కుటుంబ వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లో పెట్టొద్దని తల్లిదండ్రులకు సలహా ఇస్తానని 2025 ఫిబ్రవరిలో గోపీచంద్ గారే అన్నారు. చదివినప్పుడు మాకు కోపం వచ్చింది. కూలి పనికెళ్ళే మా అమ్మానాన్నలకు వ్యాపారం ఎక్కడిది? అయితే నెమ్మదిగా ఆలోచిస్తే ఆయన అబద్ధం చెప్పలేదు. ఈకల కాక్ ఒక్క ఆటకే నాలుగైదు పాడవుతాయి. బూట్లు, తిండి, ప్రయాణాలు, గాయమైతే ఆసుపత్రి... వీటికి ఎవరిస్తారు? పదేళ్ళు ఆడి ఓడినవాడికి ఉద్యోగం ఎవరిస్తారు?

అలాగని ఆ సలహా మనకు పూర్తిగా వర్తిస్తుందని ఒప్పుకోం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వాళ్ళ ఇళ్ళల్లో డబ్బు లేదు. ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది, కొండలెక్కిన అనుభవం ఉన్న శేఖర్‌బాబు శిక్షణ ఇచ్చారు. డబ్బు లేని పిల్లలకు డబ్బు బదులు ఒక మనిషి, ఒక వ్యవస్థ నిలబడాలి. ప్రభుత్వాన్ని అడగాల్సింది గట్టిగా అడుగుదాం. మనిషిని మాత్రం మనలోంచే తేవాలి.

మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. ఏ గ్రూపు తీసుకోవాలో, పీజీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో చెప్పేవాళ్ళు మాకు ఇంట్లో లేరు. తుని స్టేషన్లో రైలెక్కి విశాఖ వెళ్ళి, అడిగి అడిగి తెలుసుకున్నాం. ఇప్పుడు ఆ దారి మాకు తెలుసు. పూర్వ విద్యార్థులు హాస్టల్‌కు ఫ్యాన్లు, గోడ గడియారాలు ఇస్తున్నారు, మంచిదే. కానీ గడియారం పిల్లవాడి పక్కన కూర్చుని ఇంగ్లీషు చెప్పదు కదా.

అందుకే మేం నలుగురం ఒక నిర్ణయానికి వచ్చాం. వచ్చే జూన్ నుంచి నెలకు రెండు ఆదివారాలు విశాఖ నుంచి పొద్దున రైలుకు వస్తాం. పదో తరగతి వాళ్ళకు లెక్కలు, ఇంగ్లీషు చెబుతాం. సాయంత్రం వాలీబాల్ ఆడిస్తాం. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు మిగతా రెండు ఆదివారాలు పంచుకుంటే బాగుంటుంది. పేర్లు వార్డెన్ గారి దగ్గర రాయించండి. స్టడీ రూమ్ తాళం ఆయన ఇప్పిస్తామన్నారు.